ఊపిరిలో ఎంత, నెత్తురులో ఎంత: కార్బన్ మోనాక్సైడ్‌ను కొలవడం ఎలా

మే నెల, పొద్దున్న పదకొండున్నర. ఫౌండ్రీలో ఇనుము కరిగించే కుపోలా కొలిమికి బొగ్గు, ఇనుము ఎత్తిపోసే ప్లాట్‌ఫాం మీద పనిచేసే కుర్రాడు తల పట్టుకుని మా ఫస్ట్ ఎయిడ్ రూముకి వచ్చాడు. తలపోటు, రెండు వాంతులు, కాళ్లలో సత్తువ లేదు. ఆక్సిజన్ ఎంత శాతముందో చూపే క్లిప్పు వేలికి పెట్టాను. 99 చూపించింది. బయట చూస్తే ఎండ మండిపోతోంది. ఇంకేముంది, వడదెబ్బ అనుకున్నాను. ఓఆర్ఎస్ కలిపిచ్చి, పారాసిటమాల్ ఇచ్చి, ఫ్యాను కింద పడుకోబెట్టాను. గంటలో తేరుకుని మళ్లీ పైకెక్కాడు.

మర్నాడు అదే ప్లాట్‌ఫాం నుంచి ఇద్దరు వచ్చారు. అదే తలపోటు, అవే వాంతులు. "ఆదివారం ఇంటికాడ ఉంటే ఏమీ ఉండదండి, ఇక్కడికొస్తేనే" అన్నాడు ఒకతను. అప్పటికి గానీ నా బుర్ర పనిచేయలేదు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే మీటరు తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెప్పించి ఊదిస్తే 46 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 46 పాళ్లు. అదీ అతను కిందికి దిగిన గంటన్నర తర్వాత. బీడీ, సిగరెట్ ముట్టని మనిషి. తర్వాత తెలిసింది, పైన పొగ లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను బెల్టు తెగి నాలుగు రోజులైందట.

నేను డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. అక్కడ అందరూ డాక్టరుగారనే పిలుస్తారు, అది వేరే సంగతి. ఆ రెండు రోజుల్లో చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సులు, సేఫ్టీ చూసేవాళ్లు, చిన్న ఆసుపత్రి ల్యాబ్ వాళ్లు పక్కన పెట్టుకుని పని చేసుకునేలా రాశాను. ఇంట్లో జరిగితే ఏం చేయాలో చివర్లో ఉంది.

వేలి క్లిప్పు ఎందుకు మోసం చేస్తుంది

కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, గొంతులో మంట పుట్టించదు. బొగ్గు, కట్టె, పెట్రోలు, గ్యాస్ ఏదైనా చాలినంత గాలి లేకుండా కాలితే పుడుతుంది. పీల్చగానే నెత్తుర్లో ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. ఆక్సిజన్ పట్టుకునే దానికంటే 200 నుంచి 250 రెట్లు గట్టిగా. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకునేవాళ్లను చూసే ఉంటారు. ఇదీ అంతే. సీట్లన్నిటి మీదా కార్బన్ మోనాక్సైడ్ రుమాళ్లుంటే ఆక్సిజన్ ఫుట్‌బోర్డు మీద వేలాడాలి. పైగా మిగిలిన సీట్లలో కూర్చున్న ఆక్సిజన్‌ని కూడా దిగాల్సిన స్టాపులో సులువుగా దిగనివ్వదు. అందుకే రక్తహీనతలో అంతే హీమోగ్లోబిన్ తగ్గిన మనిషి కంటే ఈ మనిషి ఎక్కువ కుదేలవుతాడు.

మామూలు పల్స్ ఆక్సీమీటరు రెండు రకాల వెలుతుర్లతోనే చూస్తుంది, 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఆ ఎరుపు వెలుతురులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హీమోగ్లోబిన్, ఆక్సిజన్ ఎక్కిన హీమోగ్లోబిన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. బస్సు నిండిందా అంటే నిండింది అని చెబుతుంది తప్ప, కూర్చున్నదెవరో దానికి తెలియదు. కాబట్టి పొగ, బొగ్గు, ఇంజను, గీజరు అన్న మాట వినపడిన కేసులో 99 చూసి నిశ్చింతగా ఉండకండి.

పుస్తకాల్లో ఒంటి రంగు చెర్రీ పండులా ఎర్రబడుతుందని రాస్తారు. బతికున్నవాళ్లలో అది కనపడటం చాలా అరుదు. దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

మనిషి పడిపోయి ఉంటే కొలతలు తర్వాత

స్పృహ లేకపోయినా, తికమకగా మాట్లాడుతున్నా, గుండెలో నొప్పి అంటున్నా, గర్భిణి అయినా మీటరు వెతకడం ఆపండి. ముందు మనిషిని మంచి గాలిలోకి తేవాలి. తేవడానికి మీరు పరుగెత్తి లోపలికి వెళ్లి పక్కనే పడిపోకండి. గుంటల్లో, ట్యాంకుల్లో, మూసిన గదుల్లో ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. తలుపులు తెరవాలి, పొగ వచ్చేదాన్ని ఆపాలి. ఊపిరికి సొంత గాలి సిలిండరున్న సెట్టు వేసుకున్నవాళ్లే లోపలికి వెళ్లాలి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఈ గ్యాస్‌ని ఆపవు.

108కి ఫోన్ చేసి, సంచి ఉన్న మాస్కుతో ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్లు పెట్టండి. ముక్కు గొట్టం చాలదు. నెత్తురు తీయడానికి ఒక నిమిషం దొరికితే తీయండి, దొరక్కపోతే వదిలేయండి. శాంపిల్ కోసం ఆక్సిజన్ ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు.

మీటరు కంటే ముందు గడియారం

ఊపిరిలోదైనా నెత్తురులోదైనా, టైము రాయని అంకె దేనికీ పనికిరాదు. గ్యాస్ ఉన్న చోటు నుంచి బయటికొచ్చిన క్షణం నుంచి ఒంట్లోది తగ్గిపోతూనే ఉంటుంది. మామూలు గాలి పీలుస్తూ ఉంటే నాలుగు నుంచి ఆరు గంటల్లో సగమవుతుంది. లెక్కలకి 320 నిమిషాలు అని పెట్టుకుంటారు. నూరు శాతం ఆక్సిజన్ మీద ఉంటే గంట, గంటన్నరలోనే సగమవుతుంది. అంటే పొద్దున్న 10కి విషగాలి పీల్చినవాడికి సాయంత్రం నెత్తురు తీసి "నార్మల్" అని రాస్తే, మీరు కొలిచింది సాయంత్రాన్ని, పొద్దుటిని కాదు.

అందుకే నా రిజిస్టరులో పేరు పక్కనే ఈ గళ్లు ఉంటాయి: పని మొదలైన టైము, గ్యాస్ దగ్గర నుంచి బయటికొచ్చిన టైము, ఆక్సిజన్ పెట్టిన టైము, శాంపిల్ టైము, ఆఖరి బీడీ లేదా సిగరెట్ టైము. మనిషి కూర్చోగానే ఇవి అడిగి నింపుతాను. "ఇందాక" అంటే ఒప్పుకోను. ఇందాక అంటే టీకి ముందా, టీ తర్వాతా అని అడిగితే మనవాళ్లు కచ్చితంగా చెబుతారు.

ఊపిరి ఊదించడం

కావాల్సింది చేతిలో పట్టే కార్బన్ మోనాక్సైడ్ మీటరు. పొగతాగడం మాన్పించే క్లినిక్కుల్లో వాడేది అదే. లోపల ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉంటుంది. గ్యాస్ తగిలితే చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని పీపీఎంలో చూపిస్తుంది.

మొదట చోటు చూసుకోండి. కొలిమికి, జనరేటరుకి, లారీలు ఆగే గేటుకి దూరంగా ఉన్న గది కావాలి. మీటరు ఆన్ చేసి ఆ గది గాలినే చూడండి. సున్నా రావాలి. 4, 5 చూపిస్తే దాన్ని తర్వాత తీసివేద్దాంలే అని లెక్కలు వేయకండి, గది మార్చండి. మనిషి లోపలికి పీల్చేది కూడా ఆ గాలే కదా.

మీటరు నిజం చెబుతోందో లేదో తెలిసిన గ్యాస్‌తో సరిచూడాలి. తయారీదారు పుస్తకంలో ఎంత పీపీఎం గ్యాస్, ఎన్నాళ్లకోసారి అని ఉంటుంది. మా దానికి 50 పీపీఎం సిలిండరు. డబ్బు మిగుల్చుకుందామని ఈ పని మానేసిన చోట్ల మీటరు ఆటబొమ్మగా మారిపోవడం చూశాను. సెన్సర్ ముసలిదవుతుంది, మెల్లగా తక్కువ చూపిస్తుంది, ఎవరికీ తెలియదు.

ఇంకో చిన్న సంగతి, శానిటైజరు. మీటరుని స్పిరిట్ దూదితో తుడవకూడదు. చేతికి శానిటైజరు రాసుకుని, అది ఆరకముందే మీటరు పట్టుకోకూడదు. ఆల్కహాల్ ఆవిరి సెన్సర్‌ని తికమక పెడుతుంది. కరోనా తర్వాత మా రూములో గుమ్మం దగ్గరే శానిటైజరు స్టాండు ఉండేది. వచ్చిన ప్రతివాడూ బుద్ధిగా రాసుకుని వచ్చి కూర్చునేవాడు, అంకెలు ఊగిపోయేవి. ఆ స్టాండుని వరండాలోకి జరిపేదాకా కారణం తట్టలేదు.

ఇక ఊదించడం. కుర్చీలో కూర్చోబెట్టండి. కొత్త మౌత్‌పీసు, ఒక మనిషికి ఒకటే. ముందు ఊదకుండా చేసి చూపించండి, మాటలతో చెబితే సగం మందికి ఎక్కదు. మామూలుగా ఒకసారి గాలి వదిలి, తర్వాత గుండెల నిండా పీల్చి, నోరు మూసుకుని 15 సెకన్లు బిగబట్టాలి. నేను వేళ్లు చూపిస్తూ లెక్కపెడతాను. చాలా మీటర్లు కూడా తెర మీద లెక్కపెడతాయి. 15 అవ్వగానే మౌత్‌పీసు చుట్టూ పెదాలు బిగించి, మెల్లగా, ఆగకుండా, కడుపు లోపలికి పోయేదాకా ఊదాలి. బుడగ ఊదినట్టు ఒక్కసారిగా కాదు, వేడి టీ మీద ఊదినట్టు.

ఎందుకింత తంతు అంటే, ఊదినప్పుడు మొదట వచ్చేది నోట్లో, గొంతులో, గాలి గొట్టాల్లో ఉన్న గాలి. దానికి నెత్తురుతో సంబంధం లేదు. పెద్దవాళ్లలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లుంటుంది. ఊపిరితిత్తుల అడుగున గాలి సంచుల్లో ఉన్న గాలే నెత్తురుతో ఇచ్చిపుచ్చుకునేది. 15 సెకన్లు బిగబడితే నెత్తురులోని కార్బన్ మోనాక్సైడ్, ఆ గాలిలోనిది ఒక సమానానికి వస్తాయి. చివరి గాలి మీటరుకి అందితేనే మనకి కావాల్సిన అంకె వస్తుంది. 5 సెకన్లకే వదిలేసినా, సగం ఊది ఆపేసినా తక్కువ వస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు 15 సెకన్లు ఆపలేరు. వాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఎన్ని సెకన్లు ఆపారో రాసి నెత్తురు పరీక్షకి పంపండి.

రెండు మూడు నిమిషాల తేడాతో రెండుసార్లు ఊదించండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కువ వచ్చింది రాయండి, ఎందుకంటే ఊదడంలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ అంకెని తగ్గించేదే. బాగా తేడా ఉంటే మూడోసారి.

అన్నీ సరిగ్గా చేసినా అంకె అబద్ధమాడే సందర్భం ఒకటుంది. పాలు పడనివాళ్లకి పేగుల్లో హైడ్రోజన్ పుట్టి ఊపిరిలోకి వస్తుంది. కొన్ని మీటర్ల సెన్సర్లు దాన్ని కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే లెక్కేస్తాయి. పొగ తాగని, పొగలో పనిచేయని మనిషికి మీటరు పెద్ద అంకె చూపించి, కడుపు ఉబ్బరం, గ్యాస్ అంటుంటే, దొంగని పట్టుకున్నట్టు "బీడీ తాగావు కదూ" అని నిలదీయకండి. నెత్తురు పరీక్ష తేల్చేస్తుంది.

నెత్తురు తీయడం

ఈ పరీక్షకి ధమని పొడవాల్సిన పని లేదు. మోచేతి దగ్గర మామూలు సిర చాలు, కార్బన్ మోనాక్సైడ్ రెండింటిలోనూ దాదాపు ఒకటే ఉంటుంది. మణికట్టు దగ్గర పొడిపించుకున్నవాళ్లకే ఆ నొప్పి తెలుసు, అనవసరంగా పెట్టకండి.

గడ్డకట్టని నెత్తురు కావాలి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు గానీ, ఊదా మూత ఈడీటీఏ ట్యూబు గానీ. ఏది కావాలో పంపే ల్యాబ్‌నే ముందు అడగండి, మిషన్ని బట్టి మారుతుంది. ఎర్ర మూత ట్యూబులో తీస్తే గడ్డకడుతుంది, శ్రమంతా దండగ. ట్యూబు నిండా తీయండి. సగమే నింపితే పైన మిగిలిన గాలిలోకి కొంత గ్యాస్ వెళ్లిపోతుంది, బయటి గాలి కలుస్తుంది. మూత తీసి చూడొద్దు. ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి కలపండి. గిలక్కొట్టొద్దు, ఎర్ర కణాలు పగిలితే కొన్ని మిషన్లు తప్పు చెబుతాయి. ట్యూబు మీద పేరుతో పాటు టైము రాసి, ఐసు ప్యాకులున్న డబ్బాలో పంపండి. ఐసు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి. నిండుగా నింపి మూత బిగించిన ట్యూబులో ఈ గ్యాస్ తొందరగా పాడైపోయేది కాదు. ఊళ్లో మిషన్ లేకపోయినా శాంపిల్ తీసి, పేషెంటుతో పాటే పెద్ద ఆసుపత్రికి పంపమనేది అందుకే. అక్కడికి చేరేసరికి పేషెంటు నెత్తురులో గ్యాస్ సగం తగ్గిపోతుంది, ట్యూబులోది అలాగే ఉంటుంది.

ల్యాబ్ ఫారంలో ఏం రాస్తారన్నదే అసలు చిక్కు. "ఏబీజీ" (ధమని నెత్తురులో వాయువుల పరీక్ష) అని రాసి ఊరుకుంటే కొన్ని చోట్ల మిషన్ ఆక్సిజన్ ఒత్తిడి కొలిచి, దాన్ని బట్టి సాచురేషన్, అంటే హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నది లెక్కగట్టి 98 అని అచ్చేస్తుంది. అది కొలిచిన అంకె కాదు, ఊహించిన అంకె. నెత్తురులో కరిగిన ఆక్సిజన్ ఒత్తిడి ఈ విషంలో మామూలుగానే ఉంటుంది కాబట్టి ఆ లెక్క కూడా బ్రహ్మాండంగా వస్తుంది. ఫారంలో "కో-ఆక్సిమెట్రీ, కార్బాక్సీ హీమోగ్లోబిన్ శాతం" అని విడిగా రాయండి. కార్బాక్సీ హీమోగ్లోబిన్ అంటే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన హీమోగ్లోబిన్, పొట్టిగా సీఓహెచ్‌బీ. రిపోర్టు రాగానే సీఓహెచ్‌బీ అన్న వరుస ఉందో లేదో వెతకండి. లేకపోతే మీ పరీక్ష జరగనట్టే. కో-ఆక్సీమీటరు చాలా రకాల వెలుతుర్లతో చూసి ఏ హీమోగ్లోబిన్ ఎంత ఉందో విడగొట్టి చెబుతుంది. ఈ మధ్య చాలా బ్లడ్ గ్యాస్ మిషన్లలో అది కలిసే వస్తోంది.

వేలికి పెట్టి కార్బన్ మోనాక్సైడ్ శాతం చూపించే క్లిప్పులు కూడా ఉన్నాయి, మామూలు క్లిప్పు కంటే బాగా ఖరీదు. అటూ ఇటూ మూడు శాతం దాకా తేడా ఉంటుందని తయారీదారులే చెబుతారు. పదిమంది ఒకేసారి వచ్చినప్పుడు ముందెవర్ని చూడాలో ఎంచడానికి పనికొస్తాయి. ఎక్కువ చూపిస్తే నమ్మండి. తక్కువ చూపిందని మనిషిని ఇంటికి పంపకండి.

ఈ మిషన్లు లేనప్పుడు నెత్తురు రంగునే చూసేవారు. పలుచన చేసిన నెత్తురులో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే మామూలు నెత్తురు గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగుకి తిరుగుతుంది, ఈ విషం ఎక్కినది ఎర్రగానే ఉంటుంది. ఫోరెన్సిక్ పాఠాల్లో ఇప్పటికీ చెబుతారు. బాగా ఎక్కువ ఉంటేనే పట్టిస్తుంది, మన పనికి చాలదు. స్కాట్లాండ్‌కి చెందిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1895లో ఈ గ్యాస్‌ని తానే పీలుస్తూ, తన నెత్తురు తానే పరీక్షించుకుంటూ లక్షణాలు రాసుకున్నాడు. గనుల్లోకి కెనరీ పిట్టల్ని తీసుకెళ్లమన్నదీ ఆయనే. మనిషికంటే ముందు పిట్ట సొమ్మసిల్లుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో ఆ పిట్టలు 1986 దాకా పనిచేశాయి.

అంకె చేతికొచ్చాక

ఊపిరి పీపీఎంని నెత్తురు శాతంలోకి మార్చడానికి వాడుకలో ఉన్న లెక్క ఇది: పీపీఎంని 0.16తో గుణించి 0.63 కలపండి. మా ప్లాట్‌ఫాం మనిషి 46కి లెక్కేస్తే 8 శాతం. నోటి లెక్కకి ఆరుతో భాగిస్తే దగ్గరగా వస్తుంది. మీటర్లు చాలావరకు ఈ శాతాన్ని కూడా చూపిస్తాయి, అది కొలిచింది కాదు, ఇదే రకం లెక్కతో వేసింది. రిజిస్టరులో పీపీఎం రాయండి.

పొగ తాగని మనిషి నెత్తురులో మామూలుగా 2 శాతం లోపే ఉంటుంది, 3 దాటితే ఎక్కడో పీల్చాడన్నమాట. పొగ తాగేవాళ్లలో 10 శాతం దాకా ఉండొచ్చు. 10 దాటితే సిగరెట్ మీదికి నెట్టేయకండి.

ఇప్పుడు గడియారం లెక్క. ఒకతను పొద్దున్న 10కి బయటికొచ్చాడు, ఆక్సిజన్ పెట్టలేదు, మధ్యాహ్నం 3:20కి తీసిన నెత్తురులో 6 శాతం వచ్చింది. మధ్యలో 320 నిమిషాలు, అంటే ఒక సగం. 10 గంటలప్పుడు సుమారు 12 ఉండి ఉంటుంది. ఇది అందాజు మాత్రమే. మనిషి ఎంత వేగంగా ఊపిరి తీస్తున్నాడు, నడిచాడా పడుకున్నాడా అన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ డాక్టరుకి "6 వచ్చిందండి" అని చెప్పడానికీ, "ఐదు గంటల తర్వాత 6 వచ్చిందండి" అని చెప్పడానికీ చాలా తేడా ఉంది.

ఇంకో మాట. అంకె, మనిషి బాధ జోడెద్దుల్లా నడవవు. 15 శాతంతో కబుర్లు చెప్పేవాళ్లుంటారు, అంతకంటే తక్కువతో తూలేవాళ్లూ ఉంటారు. ఎంతసేపు పీల్చాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి వైద్యం ఆపాలా వద్దా అన్నది అంకె ఒక్కటే చూసి మనం తేల్చకూడదు, అది డాక్టరు పని. గర్భిణి విషయంలో మరీ జాగ్రత్త. కడుపులో బిడ్డ నెత్తురు ఈ గ్యాస్‌ని ఇంకా గట్టిగా పట్టి, ఇంకా ఆలస్యంగా వదులుతుంది. తల్లి అంకె బాగుందని బిడ్డది బాగున్నట్టు కాదు. ఇంటికి పంపేటప్పుడు ఇంట్లోవాళ్లకి ఒకటి చెప్పి పంపండి: కొన్ని రోజుల నుంచి ఐదారు వారాల లోపు మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, నడకలో తేడా కనిపిస్తే వెంటనే తీసుకురావాలి. ఆ ముప్పు నెత్తురులో అంకె సున్నాకి వచ్చిన తర్వాత కూడా ఉంటుంది.

రంగు, పెయింటు ఊడదీసే ద్రావకం వాడేచోట లెక్క తిరగబడుతుంది. అందులో డైక్లోరోమీథేన్ ఉంటే, పీల్చింది కార్బన్ మోనాక్సైడ్ కాకపోయినా కాలేయం దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. మనిషి బయటికొచ్చాక కూడా అంకె పెరగొచ్చు. వాళ్లకి ఒక్కసారి ఊదించి వదలకండి, గంట గంటకీ ఊదించండి.

ఫ్యాక్టరీలో రొటీన్‌గా చూసేటప్పుడు

పనిలోకి ఎక్కకముందు ఒకసారి, షిఫ్టు అయిపోగానే ఒకసారి. మొదటిది లేకపోతే రెండోదానికి అర్థం లేదు. పొగ తాగేవాళ్లు పొద్దున్నే 15 పీపీఎంతో వస్తారు. రెండోది కచ్చితంగా షిఫ్టు చివర్లోనే, స్నానం చేసి, టీ తాగి, బస్సు ఎక్కేముందు కాదు. పోల్చుకోవడానికి అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే ఏసీజీఐహెచ్ అనే సంస్థ ఇచ్చిన గీతలు వాడతారు: షిఫ్టు చివర ఊపిరిలో 20 పీపీఎం, నెత్తురులో 3.5 శాతం. ఈ గీతలు పొగ తాగనివాళ్లకే సరిపోతాయి. పనిచోట గాలిలో ఎంతదాకా ఉండొచ్చన్నదానికి వస్తే, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ ఎనిమిది గంటల సగటుకి 50 పీపీఎం అంది. ఏసీజీఐహెచ్ 25 అంటుంది. నేనైతే 25నే చూస్తాను. అదే చట్టం మూడో షెడ్యూల్‌లో, డాక్టరు ఫ్యాక్టరీల శాఖకి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో కార్బన్ మోనాక్సైడ్ విషం ఉండేది. కొందరు సూపర్‌వైజర్లు "రాయకండి సార్, అనవసరంగా టెన్షన్" అంటారు. రాసి, సంతకం పెట్టించుకోండి.

ఇంట్లో అయితే

బాత్రూములో గ్యాస్ గీజరు, తలుపేసిన గదిలో కుంపటి, వరండాలో మూలనున్న జనరేటరు, లంబసింగి చలికి టెంటులోకి తెచ్చుకున్న నిప్పుల కుండ, అమెరికాలో ఉన్నవాళ్లకి గ్యారేజీలో ఆన్ చేసి వదిలిన కారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలపోటు, పెంపుడు కుక్క కూడా సోలిపోవడం, బయటికొస్తే తగ్గడం, ఇవి గుర్తులు. మీ దగ్గర మీటరు ఉండదు, అక్కర్లేదు. తలుపులు తీసి అందరూ బయటికి రండి, 108కి చెప్పండి. ఆసుపత్రిలో మొదటి వాక్యంలోనే "గీజరు ఆన్‌లో ఉంది" అనో "కుంపటి పెట్టుకున్నాం" అనో చెప్పండి. చెప్పకపోతే ఫుడ్ పాయిజన్ అనుకునే ప్రమాదం ఉంది. ఎన్నింటికి బయటికొచ్చారో చేతి మీద పెన్నుతోనైనా రాసుకోండి. "కార్బాక్సీ హీమోగ్లోబిన్ చూస్తారా అండి" అని అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు, పట్టినా పర్వాలేదు.

మళ్లీ కొలవడం

కారణం సరిచేశాక అదే మనుషుల్ని, అదే టైములో, అదే మీటరుతో మళ్లీ ఊదించాలి. లేకపోతే సరైందని ఎలా తెలుస్తుంది? మా ప్లాట్‌ఫాం మీద కొత్త బెల్టు వేశాక వారం రోజులు షిఫ్టు చివర అందరికీ ఊదించాను. మొదటి రోజు వరసగా 4, 3, 5 వచ్చాయి. వడదెబ్బ అని నేను పడుకోబెట్టిన కుర్రాడిది 3. నాలుగో అతను ఊదాక 14 కనిపించింది. నేను ఫ్యాను వైపు తల ఎత్తి చూస్తుంటే, అతను చెవి వెనక దోపుకున్న బీడీని మెల్లగా తీసి జేబులో పెట్టుకుంటూ, "అది ఫ్యానుది కాదండి డాక్టరుగారూ, నాలుగింటి టీది" అన్నాడు. రిజిస్టరులో ఆఖరి గడిలో 4:10 అని రాసుకున్నాను.